మూడో డబ్బా

మనిషి నిప్పు కనిపెట్టాడు. చక్రం కనిపెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం చిల్లరమల్లర వస్తువులతో కాలక్షేపం చేసి, చివరికి స్లైడు కనిపెట్టాడు. ఈ మూడింటిలో ఏది గొప్పదని నన్నడిగితే క్షణం కూడా తడుముకోను. నిప్పు చేతులు కాలుస్తుంది. చక్రానికి పంక్చరవుతుంది. స్లైడు వల్ల ఈనాటిదాకా ఎవరికైనా నిద్రాభంగమైనా కలిగిందా?

నవ్వకండి. నేను పరిహాసానికి అనడం లేదు.

స్లైడు షో అనగానే ఈమధ్య కొందరు మేధావులు వేపాకు నమిలినట్టు ముఖం పెడుతున్నారు. కృతఘ్నులు! స్లైడు పుట్టకముందు ఎలా ఉండేదో మరిచిపోయారా? ఆఫీసరన్నవాడు లేచి మాట్లాడాలంటే తాను మాట్లాడబోయే విషయం తనకు తెలిసి ఉండాల్సి వచ్చేది! ఎంత అమానుషం! ఇప్పుడు ఆ బాధ గోడకు అప్పగించాం. గోడకు అంతా తెలుసు. ఆఫీసరు గోడవైపు తిరిగి, మనవైపు వీపు పెట్టి, పైకి చదివితే చాలు. చదువు రాదేమోనన్న అనుమానంతో మనకు చదివి వినిపించే ఔదార్యం ఇంకే సాధనానికి ఉంది?

ఇక చీకటి సంగతి. పట్టపగలు, పరదాలు వేసిన హాల్లో, చల్లగాలి యంత్రం కింద, మెత్తటి కుర్చీలో, జీతంతో కూడిన నిద్ర ఏ చక్రవర్తికి దక్కింది? నాకు తెలిసిన ఇద్దరు పెద్దమనుషులు ఏళ్ళ తరబడి ఒకే కమిటీలో పక్కపక్కనే కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఓసారి రైలు పెట్టెలో పైబెర్తులోంచి వచ్చిన గురక విని, "మీరా సార్!" అని కిందిబెర్తాయన లేచి నమస్కారం పెట్టాడు.

స్లైడు దుఃఖాన్ని కూడా పొట్టిచేస్తుంది. కుళాయిలో నీళ్ళు రావడం లేదని ఒకమ్మ చెప్పుకొస్తే పొద్దు గుంకుతుంది. అదే స్లైడయితే "నీటి సరఫరా: సవాళ్ళు, అవకాశాలు" అంటుంది. పక్కన నవ్వుతున్న నీటిచుక్క బొమ్మ. అయిపోయింది!

మా దూరపు చుట్టం ఒకడు పెళ్ళిచూపులకు స్లైడ్లు పట్టుకెళ్ళాడు. "నా బలాలు" అని ఒక స్లైడు, "నా ఆశయాలు" అని ఇంకొకటి. పిల్ల తండ్రి తెలివైనవాడు. "బలహీనతల స్లైడేది బాబూ?" అని అడిగాడు. "సమయాభావం వల్ల దాటేశామండీ" అన్నాడు మావాడు. పెళ్ళయింది. ఆ స్లైడు ఇప్పుడు ఆ అమ్మాయి రోజూ చూస్తోంది. అది వేరే విషయం.

ఇన్ని చెప్పినా నమ్మని మొండిఘటాలు ఉంటారు. వారికోసమే బాణాలాయన కథ చెబుతున్నాను. విన్నాక కూడా స్లైడుకు దండం పెట్టకపోతే ఇక మీ ఖర్మ.

బాణాలాయన ఉద్యోగం బస్సుల సంస్థ హెడ్డాఫీసులో. పెద్ద బస్టాండు మీదే, మేడమీద. కింద బస్సులు, పైన బస్సుల గురించి స్లైడ్లు. ఆయన హోదా ప్రదర్శనల విభాగానికి అధిపతి. విభాగమంటే ఆయన, ఒక కంప్యూటరు, కిర్రుమనే కుర్చీ. తలుపు మీద అసలు పేరు రాసే ఉంది గానీ పిలిచే దిక్కులేదు. ఆయన స్లైడులో బాణం గుర్తు లేనిదే ఒక్క మాట కూడా పక్కమాట దగ్గరికి వెళ్ళదు. అందుకని బాణాలాయన అయ్యాడు. ఆయనకూ ఆ పేరంటే లోలోపల ఇష్టమే.

పనిలో మాత్రం ఆయన తపస్వి. స్లైడులో మాటలు పిసినారి పెట్టినట్టు పెట్టాలంటాడు. అక్షరం ఎంత ఉండాలంటే, వెనక వరుసలో కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చినవాడు కూడా చదివి మరిచిపోగలగాలి. నష్టాన్ని ఎరుపులో చూపడం మోటు పని. ఎరుపు చూస్తే సభ్యులకు బీపీ పెరుగుతుంది. అందుకని ఆ సంస్థలో నష్టాలన్నీ లేత ఆకుపచ్చగా ఉంటాయి, చూడగానే పైరుగాలి తగిలినట్టుంటుంది. అన్నిటికీ మించి ఆయన ప్రాణం మూడు అనే అంకె. ఏ విషయమైనా మూడు డబ్బాల్లో సర్దాలి. "రెండంటే తగువు, నాలుగంటే సంత, మూడంటే ముచ్చట" అని కొత్తగా చేరిన గుమస్తాలకు చెబుతుంటాడు. వాళ్ళు రాసుకుంటుంటారు.

అలాంటివాడి నెత్తిన ఒకరోజు పిడుగు పడింది. జనం ఎక్కని రూట్లు ఏవో చూసి ఎత్తేయాలని పైనుంచి హుకుం వచ్చింది. డిపోల వాళ్ళు నిజాయితీగా తిరిగి, నిజాయితీగా చూసి, ఖాళీగా తిరిగే రూట్లు తేల్చారు. ఒకటి ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీకి వెళ్ళే బస్సు. అందులో డ్రైవరూ కండక్టరూ తప్ప మూడోమనిషి ఉండడు. వాళ్ళిద్దరికీ కూడా మాటల్లేవు. ఇంకోటి రైలుపట్టా పక్కనే రైలుతో పందెం వేసుకుని రోజూ ఓడిపోయే బస్సు. రెండూ తీసేయాల్సినవే. ఎవరికీ ఏడుపు లేదు.

చిక్కెక్కడంటే, అవి రెండే!

రెండు డబ్బాలు పెట్టి చూశాడు బాణాలాయన. ముందుపన్ను ఊడిన నోరులా ఉంది. దగ్గరగా జరిపాడు. లిఫ్టులో ఇరుక్కున్న ఇద్దరు ముక్కూముఖం తెలియనివాళ్ళలా ఉన్నాయి. దూరంగా జరిపాడు. పంపకాల దగ్గర చెడిన అన్నదమ్ములయ్యాయి. ప్రాణం ఉసూరుమంది. చివరికి ఊరికే, అందం ఎలా ఉంటుందో చూద్దామని, మూడో డబ్బా గీశాడు. స్లైడు కళకళలాడింది! కానీ ఖాళీ డబ్బా బాగుండదు కదా. బట్టలకొట్లో బొమ్మకు చొక్కా తొడిగినట్టు దాంట్లో ఏదో ఒక నంబరు వేయాలి. కొన్ని రూట్ల నంబర్లు పొడుగైపోతున్నాయి, కొన్నింటికి వెనక తోకలున్నాయి. ఇరవై ఏడు మాత్రం కొలిచి కుట్టించినట్టు కూర్చుంది. తర్వాత తీసేద్దాంలే అనుకుని ఒక్క అడుగు వెనక్కి వేసి ముచ్చటగా చూసుకున్నాడు.

వెనక డైరెక్టరుగారు నిలబడి ఉన్నారు.

"భేష్! రెండే అన్నారు డిపో వాళ్ళు. నువ్వు మూడు పట్టావా? ధైర్యమంటే ఇదీ!"

"అది కాదండీ, ఊరికే ఎలా ఉంటుందో చూద్దామని..."

"చూశాను కదయ్యా. బ్రహ్మాండంగా ఉంది. ఇంక చెయ్యి పెట్టకు." అంటూ ఆయన బాణాలాయన భుజం తట్టారు.

ఆ తట్టడమే కొంప ముంచింది. అంతవరకూ ఆ భుజాన్ని ఆఫీసులో ఎవరూ తట్టలేదు. నోరు తెరిచి "ఇది ఉత్తుత్తి నంబరండీ" అంటే సరిపోయేది. అనలేదు. పొగడ్త గొంతులో పచ్చివెలక్కాయలా అడ్డుపడింది. పైగా స్లైడు నిజంగానే అందంగా ఉంది మరి!

బోర్డు సమావేశంలో, ఎప్పుడూ మూసి ఉండే పరదాల చాటున, దీపాలు ఆరాయి, స్లైడు వెలిగింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే పెద్దలంతా తలలూపారు. చర్చ కూడా జరగకపోలేదు. "మూడో డబ్బా రంగు కాస్త ముదురుగా లేదూ?" అని ఒక సభ్యుడు లోతైన ప్రశ్న వేశాడు. బాణాలాయన అక్కడికక్కడే రంగు పలచన చేశాడు. చప్పట్లు మోగాయి. ఇరవై ఏడో నంబరు బస్సు ఆ చప్పట్లలో కొట్టుకుపోయింది. చూశారా పాఠకులారా, నిర్ణయమంటే ఎంత సులభమైపోయిందో! అదే పాతరోజుల్లో అయితే ఎవడో ఒకడు వెళ్ళి ఆ బస్సెక్కి చూసి రావాల్సి వచ్చేది.

ఆదివారం మధ్యాహ్నం బాణాలాయన భోజనానికి అక్కగారింటికి వెళ్ళాడు. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే. తల దువ్వింది, బడికి పంపింది, అబద్ధమాడితే వీపు మోగించింది. ఈమధ్యే అద్దె తక్కువని ఊరి కొసన, పిండిమర దాటాక ఉన్న రెండు గదుల ఇంట్లోకి మారారు. బావగారు లేత్ మీద పనిచేసిన మనిషి. ఇప్పుడు మూత్రపిండాలు దెబ్బతిని, రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. బాణాలాయన అక్కడికి ఎప్పుడూ కొత్త రోడ్డు మీదుగా స్కూటరు మీదే వచ్చేవాడు. వీధి చివర బస్సు ఆగుతుందని తెలుసు. దాని నెత్తిమీద ఏ నంబరుందో తలెత్తి చూడలేదు. బస్సుల సంస్థలో పెద్ద ఉద్యోగికి బస్సులతో ఏం పని?

అక్క అన్నం వడ్డిస్తూ అంది: "ఒరేయ్, మీ ఆఫీసులో ఎవడో తలమాసినవాడు మా ఇరవై ఏడు తీసేశాడట్రా!"

బాణాలాయన ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఏ... ఏ ఇరవై ఏడక్కా?"

"ఏ ఇరవై ఏడేంట్రా! మీ బావని ఆసుపత్రికి దేని మీద తీసుకెళ్తున్నాననుకుంటున్నావు, పల్లకీలోనా? వచ్చే నెల నుంచి ఉండదని కండక్టరు చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతే పడిపోయింది."

"నేను స్కూటరు మీద..."

"డయాలసిస్ అయ్యాక మనిషి నిలబడలేడురా. స్కూటరెక్కిస్తావా? రోజు విడిచి రోజు టాక్సీ కట్టించుకునేవాళ్ళమైతే ఈ కొసకెందుకొస్తాం?"

"వాణ్ణి తిననివ్వవే. వాడేం చేస్తాడు పాపం!" అన్నాడు బావ గోడకు ఆనుకుని.

"వాడు కాకపోతే ఇంకెవరు చేస్తారు? హెడ్డాఫీసులో ఉన్నాడు! ఖాళీ బస్సని రాశారటరా. పొద్దున కాలు పెట్టే చోటుండదు దాంట్లో. ఆ కండక్టరు మీ బావకి సీటిప్పించడానికి రోజూ ఎవరో ఒకరితో తగువుపడతాడు. ఖాళీ అని రాసిన ఆ చెయ్యి ఉందే..."

బాణాలాయన కుడిచెయ్యి కంచంలో ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"వాడెవడో కనుక్కుని, మా అక్క చెప్పమందని నాలుగు దులిపెయ్యి. సరేనా?"

"సరే అక్కా."

"ఇదేంట్రా, కళ్ళనీళ్ళు?"

"కారంగా ఉందక్కా."

"మీ బావ కోసం ఉప్పూకారం చూపించి తీసేసిన కూరరా అది!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. మర్నాడు పొద్దున్నే బాణాలాయన డైరెక్టరుగారి గది ముందు నిలబడ్డాడు. లోపలికి పిలిచారు.

"సార్, మొన్నటి స్లైడులో ఒక తప్పు దొర్లింది."

డైరెక్టరుగారి ముఖం పాలిపోయింది. "అక్షరదోషమా?"

"కాదండీ. బస్సే తప్పు. ఇరవై ఏడు ఖాళీ బస్సు కాదు. కిటకిటలాడుతూ వెళ్తుంది."

"హమ్మయ్య! బస్సు తప్పయితే అయింది. స్లైడు తప్పు కాదు కదా!" ఆయన ఊపిరి పీల్చుకుని కుర్చీలో వెనక్కి వాలారు. "ఆమోదించిన స్లైడు మార్చాలంటే ఇంకో స్లైడు పెట్టాలయ్యా. నీకు తెలియనిదేముంది?"

బాణాలాయన అప్పటికే రెండు డబ్బాల స్లైడు చేసి తెచ్చాడు. చూపించాడు. డైరెక్టరుగారు దాన్ని అటునుంచి చూశారు, ఇటునుంచి చూశారు.

"ఏదో పోయినట్టుందయ్యా. బోసిగా ఉంది. నువ్వేనా చేసింది? కావాలంటే ఇరవై ఏడు తీసి ఇంకో నంబరు వెయ్యి. నాకు ఫలానా బస్సే పోవాలన్న పంతమేం లేదు."

ఎంత విశాల హృదయం! ఇదీ స్లైడు నేర్పిన సంస్కారం. ఏ బస్సు మీదా ద్వేషం లేదు. డబ్బా నిండితే చాలు.

సరే, ఇంకో నంబరు వెతకాలి. ఎక్కడ వెతకాలి? ఉద్యోగంలో చేరాక మొదటిసారి బాణాలాయన మెట్లు దిగి, కింద బస్టాండులో జనం మధ్య నిలబడి, వచ్చిన బస్సల్లా ఎక్కాడు. ఒక బస్సులో అంతా మూగపిల్లలు, బడికి వెళ్తున్నారు. వేళ్ళతో ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. బస్సంతా నిశ్శబ్దంగా ఉంది, అయినా అంత అల్లరి ఆయన ఎక్కడా చూడలేదు. ఇంకో బస్సులో రాత్రి కాపలా దిగిన వాచ్‌మన్లు ఒకరి భుజం మీద ఒకరు తలలు వాల్చి నిద్రపోతుంటే, స్టాపు వచ్చినప్పుడల్లా డ్రైవరు పేరుపెట్టి లేపుతున్నాడు. ఒక బస్సు సగం ఖాళీగా కనబడింది. బాణాలాయన ప్రాణం లేచొచ్చింది! అంతలో అది జైలు ముందు ఆగింది. ములాఖత్తుకు వచ్చి తిరిగి వెళ్ళే ఆడవాళ్ళంతా ఎక్కారు. ఒకామె చంకలో పిల్లాడు నిద్రపోతూ ఆయన చొక్కా కాలరు పట్టుకున్నాడు. దిగేదాకా వదల్లేదు.

ఏ నంబరు చూసినా అందులో ఎవరిదో ఒకరి అక్క ఉంది. ఆ సాయంత్రం ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. ఇన్నాళ్ళూ తాను గీసిన డబ్బాలన్నిటిలో మనుషులున్నారని, ఒక్కడబ్బా కూడా తెరిచి చూడలేదని ఏడ్చాడు. పాఠకులు క్షమించాలి. మంచి స్లైడు కళాకారుడు ఇలాగే చెడిపోతాడు. బస్సెక్కాడంటే ఇక పనికిరాడు.

రూటు తీసేసే ముందు ప్రజల అభిప్రాయం వినాలని ఒక పాత నియమం ఉంది. నియమమన్నాక పాటించాలి కదా. నోటీసు అంటించారు, హాల్లో వెనక వరుసలో కుర్చీలు వేశారు. అక్క వచ్చింది. బావని పక్కింటివాళ్ళకు అప్పగించి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, ఏమేం చెప్పాలో దారంతా గొణుక్కుంటూ వచ్చింది. తమ్ముడు ఆ ఆఫీసులోనే ఉన్నాడన్న ధైర్యం ఒకటి. అతను ఆ హాల్లోనే, కంప్యూటరు వెనక చీకట్లో తల వంచుకుని కూర్చున్నాడని ఆమెకు తెలియదు.

మొదట స్లైడు వేశారు. తర్వాత "ఎవరైనా మాట్లాడేదుంటే ముందుకు రావచ్చు" అన్నారు. అక్క లేచి ముందుకు వెళ్ళింది. ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు. సరిగ్గా తెర ముందు నిలబడింది. ప్రొజెక్టరు వెలుగంతా ఆమె మీద పడింది. మూడో డబ్బా, అందులో ఇరవై ఏడు, తిన్నగా వచ్చి ఆమె ముఖం మీద కూర్చున్నాయి. కళ్ళు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది.

"అయ్యా, మా ఆయనకి ఒంట్లో బాగుండదు. ఈ బస్సు మీదే..."

"అమ్మా," అన్నారు డైరెక్టరుగారు చాలా మర్యాదగా, "కాస్త పక్కకి జరగండి. స్లైడు కనబడటం లేదు."

ఆమె జరిగింది. చీకట్లోంచి చెబుతూనే ఉంది. ఆసుపత్రి గురించి చెప్పింది, సీటు కోసం తగువుపడే కండక్టరు గురించి చెప్పింది. సభ్యులు తెరవైపు చూస్తూ శ్రద్ధగా తలలూపారు. తెర మీద మూడు డబ్బాలు ముచ్చటగా ఉన్నాయి. చెప్పేవాళ్ళు ఎక్కడున్నారో ఎవరికీ కనబడలేదు.

పక్కకు జరిగిన ఆమెకు మాత్రం కంప్యూటరు వెనక ముఖం కనబడింది. అక్కకు ముఖం చూస్తే చాలు. చిన్నప్పుడు జేబులో సుద్దముక్క దాచుకుని వచ్చినా కనిపెట్టిన మనిషి. మాట మధ్యలో ఆగిపోయింది.

"ఇంకేమైనా ఉందా అమ్మా?" అని చీకటిలో ఎవరో అడిగారు.

"ఏం లేదండీ. బొమ్మ బాగుంది. మావాడు చిన్నప్పటి నుంచీ బొమ్మలు బాగా వేసేవాడు" అని ఆమె వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. నలుగురిలో చెవి మెలిపెట్టినా బాణాలాయన ప్రాణం తేలికపడేది. ఆ మంచిమాట ఆయన్ని పట్టుకుని వదల్లేదు. ఇంటికెళ్ళినా వదల్లేదు, అన్నం ముందు కూర్చున్నా వదల్లేదు.

ఇక ఆఖరి ఆమోదం మిగిలింది. తీసేయవలసినవి ఇవీ అని బోర్డు ముందు చివరిసారి స్లైడు పెట్టాలి. ఆ రోజు బాణాలాయన ఎవరినీ అడగలేదు. మూతపడ్డ ఫ్యాక్టరీ బస్సు మొదటి డబ్బాలో ఉంది. రైలు పక్క బస్సు రెండోదాంట్లో ఉంది. మూడో డబ్బాలోంచి ఇరవై ఏడు తీసేసి, "ప్రదర్శనల విభాగం" అని రాశాడు. డబ్బాలో పట్టలేదు. బాణాలాయన కళ్ళు మూసుకుని, జీవితంలో మొదటిసారి, అక్షరం చిన్నది చేశాడు.

దీపాలు ఆరాయి. డబ్బాలు సరిగ్గా మూడున్నాయో లేదో సభ్యులు చూసుకున్నారు. ఉన్నాయి. డైరెక్టరుగారు సంతకం చేశారు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి, ఎందుకంటే రంగు చక్కగా కుదిరింది.

మీరు ఇక్కడైనా ఆలోచించండి పాఠకులారా! ఆ పెద్దమనుషులకు స్లైడు చదివే దురలవాటు ఉండి ఉంటే ఏమయ్యేది? ఇరవై ఏడు పోయేది కాదా? చదవకపోవడం వల్ల ఒక రోగికి బస్సు మిగిలింది. మనిషి చదివితే దొరకని న్యాయం చదవకపోతే దొరికింది. ఇంతకన్నా ఉపకారి అయిన సాధనాన్ని నేను ఎరగను.

విభాగం ఎత్తేశారు కనక బాణాలాయన్ని కింద బస్టాండులో విచారణ కిటికీలో కూర్చోబెట్టారు. అక్కడ స్లైడు లేదు. జనం వచ్చి అడుగుతారు, నోటితో చెప్పాలి. మొదటివారం చాలా కష్టపడ్డాడు. ఎవరేమడిగినా మూడు సమాధానాలు చెప్పేవాడు. క్రమంగా ఒకటి చెప్పడం అలవాటైంది.

ఒకరోజు కిటికీ ముందు అక్క నిలబడింది. పక్కన బావ, స్తంభానికి ఆనుకుని.

"ఇరవై ఏడు ఎప్పుడొస్తుందండీ?" అంది.

అక్క తనను "అండీ" అనడం ఆయన పుట్టాక అదే మొదలు. ఆ శిక్షకు తాను తగినవాడే అనుకున్నాడు. "ఇప్పుడే వచ్చేస్తుందక్కా. బావని ఆ బెంచీ మీద కూర్చోబెట్టు. రాగానే నేనొచ్చి ఎక్కిస్తాను" అన్నాడు. ఆమె బావని తీసుకెళ్ళి ఆ బెంచీ మీదే కూర్చోబెట్టింది.

సరిగ్గా అప్పుడే పైనుంచి ప్యూను దిగివచ్చి, బోర్డు వారు వెంటనే రమ్మంటున్నారని లాక్కెళ్ళాడు.

పైన హాల్లో సమావేశం మొదలైపోయింది. దీపాలార్పారు, ప్రొజెక్టరు వేశారు. తెరమీద ఉత్త నీలంరంగు తప్ప ఏమీ లేదు. చాలాసేపు అందరూ ఆ నీలాన్నే చూశారు. "ఈసారి స్లైడు చాలా నిరాడంబరంగా ఉంది" అని ఒక సభ్యుడు మెచ్చుకున్నాడు కూడా. ఎంతకీ మారకపోయేసరికి అనుమానం వచ్చింది.

"ఏమయ్యా, స్లైడేది?" అన్నారు డైరెక్టరుగారు.

"విభాగం లేదు కదండీ."

"లేదా? ఎవరు తీసేశారు?"

"తమరేనండి. పోయిన సమావేశంలో. మూడో డబ్బాలో ఉంది."

"అవునవును, ఆ స్లైడు చాలా బాగుంది" అన్నాడొకాయన చీకట్లోంచి.

చేసేదేమీ లేక పరదాలు తీయమన్నారు. ఎన్నేళ్ళుగానో కదలని పరదాలు. రింగులు తుప్పుపట్టి మొరాయించాయి. ప్యూనూ బాణాలాయనా చెరోవైపు పట్టుకుని లాగితే దుమ్ముతో పాటు ఎండ లోపలికి వచ్చి పడింది. సభ్యులు కళ్ళు నులుముకున్నారు. డైరెక్టరుగారు కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూశారు. అక్కడే నిలబడిపోయారు.

"వీళ్ళంతా ఎవరయ్యా?"

"ప్రయాణికులండీ."

"ఇంతమందా! స్లైడ్లలో ఎప్పుడూ కనబడలేదే!"

ఒక్కొక్కరే లేచి కిటికీ దగ్గర గుమిగూడారు. కింద ఇరవై ఏడో నంబరు బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకున్నారు. కండక్టరు దిగి ఎవరినో కసిరి, దారి చేసి, బావ చెయ్యి పట్టుకున్నాడు. వెనకనుంచి అక్క ఆయన నడుము మీద చెయ్యి వేసి నెమ్మదిగా ఎక్కించింది.

"ఆ బస్సుని మనం తీసేసినట్టు గుర్తు" అన్నాడొక సభ్యుడు.

"లేదు లేదు, తీసెయ్యలేదు" అన్నాడింకొకాయన.

అందరూ అలవాటుగా తెరవైపు తిరిగారు. నీలంగా ఉంది. అందరూ బాణాలాయన వైపు తిరిగారు. పాత బాణాలాయన అయితే ఏమనేవాడో గానీ, ఇప్పుడు నోటితో చెప్పడం అలవాటైన మనిషి.

"కిందికి చూడండి సార్. నడుస్తోంది" అన్నాడు.

డైరెక్టరుగారు కళ్ళజోడు సర్దుకుని, బస్సు మలుపు తిరిగేదాకా చూశారు. "నడుస్తోంది. నిండుగా కూడా ఉంది. అయితే నడవనివ్వండి" అన్నారు.

ఆ హాల్లో కళ్ళతో చూసి తీసుకున్న మొదటి నిర్ణయం అది. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు.